బోన్ దొరగారి మరణం

గురజాల,
9-7-1961

అక్కకు మరియదాసు నమస్కారాలు.

నీ కార్డు అందింది. నేనూ హన్నమ్మా కులాసా. నువ్వు గుంటూరు ఆస్పత్రిలో ఇరవైనాలుగ్గంటలూ రోగుల మధ్య ఉండి, కనపడిన ప్రతివాడికీ ఏదో జబ్బుందని అనుకుంటావు. నాకు ఏ జబ్బూ లేదు. రుజువు కావాలంటే కవరులో ఫోటో పెట్టాను, చూసుకో. మొన్న బడిలో మాస్టర్లమందరం తీయించుకున్నాం. హెడ్మాస్టరు అమరేశ్వరరావు గారి ఎడమ పక్కన కూర్చున్నది నేనే. బుగ్గలు అంతగా వచ్చాయి గనక గుర్తుపట్టలేవేమోనని చెబుతున్నాను. డ్రిల్లు మాస్టరు ఒళ్ళు చేశాడు, అంతా పెళ్ళాం చేతి వంట మహిమ అని ఊరు ఊరంతా అంటోంది. హన్నమ్మ కూడా కాదనడం లేదు.

కుడి భుజంలో నొప్పి ఉన్న మాట నిజమే. నీకు చెప్పినవాళ్ళెవరో తరవాత కనుక్కుంటాను. వాలీబాల్ నెట్టు కడుతుంటే పట్టేసింది, అంతే. ఇక్కడ ఎముకలు కట్టే యల్లమంద చూసి, భుజం జారిందని చెప్పి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురుబద్దలతో కట్టాడు. పదకొండు రోజులు విప్పొద్దన్నాడు. మూడో రోజుకి చీమలు పట్టాయి. పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, ఒక్కడు కదిలినా ఊరుకోనని చెప్పి, నేనే వాళ్ళ ముందు గెంతాను. ఐదో రోజు కట్టు విప్పేశాను. నొప్పి అలాగే ఉంది గానీ చీమలు పోయినందువల్ల ప్రాణానికి హాయిగా ఉంది.

ఈ సంగతి బళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. నాకు ముందున్న డ్రిల్లు మాస్టరుకి మోకాళ్ళ నొప్పులని తెలిసి, ఆయన్ని తీసేసి అటెండరు పనిలో వేశారు. ఇప్పుడు బీరువాల తాళాలు తీస్తున్నాడు. మా ఉద్యోగానికి ఒళ్ళే సర్టిఫికెట్టు అక్కా.

నీ తమ్ముడు,
మరియదాసు

గుంటూరు,
16-7-1961

తమ్ముడికి దీవెనలు.

ఫోటో చూసి పొంగిపోయాను. వార్డులో నర్సులందరికీ చూపించాను. చిన్నప్పుడు నీ పక్కటెముకలు దూరాన్నుంచే లెక్కపెట్టగలిగేవాళ్ళం. అమ్మ ఉంటే ఈ బుగ్గలు చూసి ఎంత మురిసిపోయేదో.

అది సరే. భుజానికి గుడ్డుసొన పూయించుకుని చీమలకు విందు చేసినవాణ్ణి నేను ఇంతవరకు వినలేదు. నీ అక్క పద్దెనిమిదేళ్ళుగా నర్సు. ఆ మాట ఆ యల్లమంద దగ్గర కూర్చున్నప్పుడు గుర్తు రాలేదా? వచ్చే శనివారం రైలెక్కి రా. ఎక్స్‌రే ఫిల్ము తీయిస్తాను. మా ఎముకల డాక్టరు గారు చూస్తారు. నాకు చెప్పింది హన్నమ్మ కాదు, దాని మీద పడకు.

దయామణి

గురజాల,
20-8-1961

అక్కకు,

నువ్వు చెప్పినట్టే, కాస్త ఆలస్యమైనా, నిన్న వచ్చి ఫిల్ము తీయించుకుని వెళ్ళాను గదా. నీకు డ్యూటీ ఉండి మాట్లాడటం కుదరలేదు. మీ డాక్టరు గారు మంచివారే గానీ, అడిగిన మొదటి ప్రశ్న "తాగుతావా?" అని. ఎముకకీ సారాకీ సంబంధమేంటో నాకు బోధపడలేదు. లేదండీ అన్నాను. ఎప్పుడైనా పడ్డావా అన్నారు. లేదండీ అన్నాను. మందులేమైనా వాడుతున్నావా అన్నారు. లేదండీ అన్నాను. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశారు. నా బుగ్గలు ఆయనకీ నచ్చాయనుకుంటాను.

ఆగస్టు పదిహేను ఎలాగో గడిచింది. జెండా ఎగిరాక సెల్యూట్ చెయ్యాలి. చెయ్యి తల దాకా లేవలేదు. అందుకని తలనే చెయ్యి దాకా దించాను. హెడ్మాస్టరు గారు అది భక్తి అనుకుని, దేశమంటే మరియదాసుని చూసి నేర్చుకోవాలని పిల్లలకు చెప్పారు.

మరియదాసు

తంతి
గుంటూరు నుంచి గురజాలకు, 29-8-1961

బోన్ డెడ్. స్టార్ట్ ఇమీడియట్లీ. దయామణి.

గురజాల,
30-8-1961

అక్కకు,

నీ తంతి నిన్న మూడో పీరియడులో వచ్చింది. బోన్ దొరగారు పోయారని తెలిసి విచారించాను. నేను ఆయన్ని ఎరగను, అందుకే బయల్దేరలేదు. మీ మిషను ఆస్పత్రికి దొరలు ఎందరో వస్తూపోతూ ఉంటారు. తంతి ఇచ్చావంటే నీకు బాగా కావలసినవారే అయివుంటారు.

తంతి వస్తే ముందు హెడ్మాస్టరు గారి చేతికే పోతుంది. ఆయన చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, నన్ను పిలిపించి, భుజం మీద చెయ్యి వేసి నొక్కారు. కుడి భుజమే. నాకు కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. అది చూసి, దొరగారు మీ కుటుంబానికి ఎంతటివారో అర్థమయిందయ్యా అన్నారు.

వెంటనే బెల్లు కొట్టించి బడినంతా మైదానంలోకి పిలిచారు. బోన్ దొరగారి మీద అరగంట మాట్లాడారు. కన్నతల్లినీ పుట్టిన దేశాన్నీ వదిలి ఓడెక్కి వచ్చారట. కరువు రోజుల్లో పల్నాటిలో బావులు తవ్వించారట. ఎండలో తిరిగి బళ్ళు పెట్టారట. ఇవన్నీ మీకెలా తెలుసండీ అని తరవాత అడిగితే, దొరలు చేసే పనులు అవేగదయ్యా అన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ పూటకి సెలవిచ్చారు.

సాయంత్రం మా సంఘపు పెద్దామె జ్ఞానమ్మ వచ్చింది. "బోన్ దొరా? నల్ల గుర్రం మీద తిరిగేవాడు గదయ్యా. నాకు చిన్నప్పుడు జొరమొస్తే మందిచ్చాడు" అని కూలబడి ఏడ్చింది. ఆదివారం గుళ్ళో సంస్మరణ ప్రార్థన పెడుతున్నారు. సమాధి ఎప్పుడో, దొరగారి వయసెంతో వెంటనే రాయి. సభలో చెప్పాలి.

మరియదాసు

గుంటూరు,
1-9-1961

ఒరేయ్ మరియదాసూ,

బోన్ అంటే దొర కాదు. ఎముక. నీ ఎముక. భుజంలో చెయ్యి తిరిగే చోట బంతిలాగా గుండ్రంగా ఉంటుందే, అది చచ్చిపోయింది. తంతి గదా అని మాటలు పొదుపు చేశాను, అది నా తప్పే. కానీ మాస్టర్లూ పంతుళ్ళూ అంతమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికీ బోన్ అంటే ఎముకని తోచలేదంటే, మీ దగ్గర చదివే పిల్లల్ని తలుచుకుని జాలేస్తోంది.

వయసెంతని అడిగావు. ముప్పైఆరు. నీదెంతో దానిదీ అంతే.

ఇక నవ్వులాట కాదు, జాగ్రత్తగా చదువు. ఎముకకీ ప్రాణం ఉంటుంది. రక్తం అందితేనే అది బతుకుతుంది. ఆ బంతికి రక్తం తీసుకెళ్ళే నాళాలు దారంకంటే సన్నం. అవి మూసుకుపోతే, కాలవ చివర పొలం ఎండినట్టు ఆ ముక్క ఎండిపోతుంది. కొన్నాళ్ళు పైకి బాగానే కనబడుతుంది. నువ్వు బరువులెత్తి, నెట్లు కట్టి, దాన్ని నలిపితే ఒకరోజు లోపలికి కుంగిపోతుంది. ఇక ఆ చెయ్యి అన్నం కలపడానికి తప్ప దేనికీ లేవదు. పై దేశాల్లో ఆ ముక్క తీసి లోహపు బంతి పెడుతున్నారట. మన దగ్గర అది లేదు. నీది ఇంకా కుంగలేదు. అందుకే పరిగెత్తుకు రమ్మని తంతి ఇచ్చాను. మీరేమో ప్రార్థనలు పెట్టారు.

ఊరికే చావదట ఎముక. విరిగితేనో, కీలు జారితేనో చస్తుంది. విపరీతంగా తాగేవాళ్ళకి చస్తుంది. వంతెనలు కట్టేటప్పుడు నది అడుగున గాలి గదుల్లో పనిచేసేవాళ్ళకి చస్తుంది. ఇంకొకటి ఈ మధ్యే వైద్యుల పత్రికల్లో వస్తోందట, కొన్ని రకాల బిళ్ళలు నెలల తరబడి మింగేవాళ్ళకి కూడా అని. ఇందులో నీది ఏది? కారణం తెలియకపోతే ఎడమ భుజం, ఆపైన తుంటి కూడా పోవచ్చని డాక్టరు గారు అంటున్నారు. నువ్వు ఏదో దాస్తున్నావు. తాగుతున్నావా? తాగినా నా తమ్ముడివే. నిజం చెప్పు.

దయామణి

గురజాల,
6-9-1961

అక్కకు,

నీ ఉత్తరం ఆదివారం ప్రార్థన అయ్యాక అందింది. ముందే అంది ఉంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. గుడి నిండిపోయింది. నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. నా ఎముక ఆత్మశాంతికి రెండువందల మంది మూడు పాటలు పాడారు. నేనూ గొంతు కలిపాను. హెడ్మాస్టరు గారు హిందువైనా వచ్చి వెనక నిలబడ్డారు. ఆఫీసు గదిలో దొరగారి పటం పెడదామనుకుంటున్నారు, మీ అక్కగారిని ఫోటో పంపమను అన్నారు. నీ దగ్గర ఉన్నది ఎక్స్‌రే ఫిల్మే గదా. ఏం చెప్పమంటావు?

ఇప్పుడు నోరు తెరిచి అది ఎముకండీ అంటే, ఎందుకు చచ్చిందని అడుగుతారు. ఆ తరవాత నన్ను ఏ బీరువా దగ్గర నిలబెట్టాలా అని ఆలోచిస్తారు. మార్చిలో ఇన్‌స్పెక్షను ఉంది. అందాకా బోన్ దొరగారు దొరగానే ఉండనీ.

నువ్వు అడిగినవాటికి జవాబు. తాగుడు లేదు. కృష్ణలో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. బిళ్ళలంటే ఎప్పుడైనా తలనొప్పికి ఒకటీ అరా వేసుకుని ఉంటాను. అంతకంటే ఏమీ లేదు. వీలు చూసుకుని దసరా సెలవులకి వస్తాను.

మరియదాసు

వదినా, కవరు అంటించమని నాకిచ్చి ఆయన బడికి పోయారు. చదవడం తప్పే. చదివాను. ఆయన తాగరు. ఆయనకి ఉబ్బసం. నిరుటికి ముందటేడు చలికాలంలో పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేవారు. సత్తెనపల్లిలో ఒక డాక్టరు తెల్లని చిన్న బిళ్ళలు పదిరోజులకి రాసిచ్చారు. రెండో రోజుకే పరిగెత్తారు వదినా. ఆ పది రోజులు ఏడాదిన్నర అయింది. మందుల షాపు హబీబ్ భాయ్ చీటీ ఏదని అడిగితే, డాక్టరు గారు వాడుతూనే ఉండమన్నారని చెప్పి తెచ్చుకుంటున్నారు. మాస్టరు గదా అని ఆయన నమ్మాడు. ఫుట్‌బాలు పంపు పెట్టెలో దాస్తారు, నాకు తెలియదనుకుంటారు. అడిగితే చానా కోపమొస్తుంది. మీకు రాయొద్దని ఒట్టు కూడా వేయించుకున్నారు. ఆ మొహం నా వంట వల్ల వచ్చిందని ఊరంతా అంటుంటే నేనూ మురిసిపోయాను. అది నా వంట కాదు. మీరే ఏదన్నా చెయ్యండి. హన్నమ్మ.

గుంటూరు,
9-9-1961

తమ్ముడూ,

హన్నమ్మని ఏమీ అనకు. అనేదుంటే నన్ను అను.

దాని నాలుగు ముక్కలు డాక్టరు గారికి చదివి వినిపించాను. నీ ఫోటో కూడా చూపించాను. ఒక్క నిమిషం చూసి, ఇవి బిళ్ళల బుగ్గలమ్మా, ఎముకని చంపిందీ ఆ బిళ్ళలే అన్నారు. ఆరోజే అనుమానం వచ్చిందట, నువ్వు మందుల్లేవని గట్టిగా అనేసరికి ఊరుకున్నారట. ఆ ఫోటో నేను వార్డంతా తిప్పాను. పద్దెనిమిదేళ్ళ నర్సుని, ఉబ్బిన మొహాన్ని చూసి నా తమ్ముడు బాగుపడ్డాడని మురిసిపోయాను. నాకు సిగ్గుగా ఉంది.

అమ్మ ఉబ్బసంతోనే పోయింది. నీకు పదేళ్ళు, నాకు పద్నాలుగు. నువ్వు తలుపు వెనక నిలబడి చెవులు మూసుకున్నావు. ఆ జబ్బే నీకు వస్తే నాకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని హెడ్మాస్టరు దగ్గర దాచావు, సరే. నా దగ్గర ఎందుకు దాచావు? ఈ మాటకి నాకు జవాబు కావాలి.

ఒక్క సంగతి బాగా గుర్తు పెట్టుకో. భయపడి ఆ బిళ్ళలు ఒక్కసారిగా మానెయ్యకు. అవి చేసే పని ఒంట్లోనే కొంత జరగాలి. ఇన్నాళ్ళూ బయటినుంచి వస్తుంటే ఒళ్ళు ఆ పని మానుకుంది. ఉన్నట్టుండి ఆపితే మనిషి కూలిపోతాడు. కొద్దికొద్దిగా తగ్గించాలి, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి. ఉబ్బసానికి వేరే మందు ఉంది. హన్నమ్మని తీసుకుని బుధవారం రైలుకి రండి. గురువారానికి మీరు నా ఎదట లేకపోతే నేనే గురజాల వచ్చి, మీ బడి మైదానంలో నిలబడి, బోన్ ఎవరో చెప్తాను.

అక్క

గురజాల,
26-11-1961

అక్కకు,

నీ దగ్గర మూడు వారాలు ఉండి వచ్చి రెండు నెలలు కావస్తోంది. నువ్వు అడిగినదానికి అక్కడ నోటితో చెప్పలేకపోయాను. నీకు చెబితే అది నిజమైపోతుందని భయపడ్డాను. చెప్పకపోతే అది ఉబ్బసం కాదు, ఉత్త ఆయాసమే. అంతకంటే కారణం లేదు.

బిళ్ళ ఇప్పుడు పావుకి వచ్చింది. బుగ్గలు దిగిపోతున్నాయి. పాపం హన్నమ్మ వంట చెడిందని ఊళ్ళో అనుకుంటున్నారు. రోజుకి రెండుసార్లు ముందుకి వంగి, చెయ్యి వేలాడదీసి, గడియారం లోలకంలాగా ఊపుతున్నాను. వేడినీళ్ళ గుడ్డ వేస్తున్నాను. బరువులు ముట్టుకోవడం లేదు.

బోన్ దొర సంగతి హెడ్మాస్టరు గారికి చెప్పేశాను. పటానికి చట్రం కూడా చేయించారు మరి. విని, నేను అరగంట మాట్లాడాను గదయ్యా అన్నారు. అవునండీ అన్నాను. బాగా మాట్లాడానా అని అడిగారు. చాలా బాగా మాట్లాడారండీ అన్నాను. "అయితే ఇది మనిద్దరి మధ్యనే ఉండనీ. అటువంటి దొర ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు" అన్నారు. జ్ఞానమ్మకి కూడా చెప్పి చూశాను. నమ్మలేదు. "ఎముకైతే గుర్రం ఎందుకెక్కుద్దయ్యా?" అంది.

భుజం సంగతికి హెడ్మాస్టరు గారు, నెట్టు వేరేవాళ్ళు కడతారులే అన్నారు. ఉబ్బసం మాట మాత్రం చెప్పలేదు. చెయ్యి లేవని డ్రిల్లు మాస్టరుని ఎలాగో భరిస్తారు. ఊపిరాడని డ్రిల్లు మాస్టరుని ఎవరు ఉంచుకుంటారు?

మరియదాసు

గుంటూరు,
20-12-1961

తమ్ముడూ,

మొన్న నువ్వొచ్చి తీయించుకున్న రెండో ఫిల్ము డాక్టరు గారు చూశారు. బంతి కుంగలేదు. అంచున కొత్త ఎముక పుడుతున్న ఛాయ కనబడుతోందట. ఆ మాట విని స్టోరు గదిలోకి పోయి ఏడ్చాను. చెయ్యి భుజం ఎత్తు వరకూ వస్తుంది. అంతకు మించి ఆశపడొద్దన్నారు. ఎడమ భుజం, తుంటి శుభ్రంగా ఉన్నాయి.

కానీ ఆ పావు బిళ్ళ కూడా ఇక లేదు. చలి ముదిరితే ఆయాసం తప్పకుండా వస్తుంది. ఇచ్చిన మందు జేబులోనే పెట్టుకో. పంపు పెట్టెలో కాదు. మైదానంలో అంతమంది ముందు వస్తే ఏం చేస్తావు? హెడ్మాస్టరు గారికి ముందే చెప్పు. నా మాట విను.

అక్క

గురజాల,
24-1-1962

అక్కకు,

నీ మాట వినలేదు. చెప్పకుండానే తెలిసిపోయింది.

మొన్న సోమవారం పొద్దున బాగా మంచు. ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లు కలిపి అరవైమంది. అటెన్షన్ అన్నాను. అంతే, ఊపిరి పట్టేసింది. తరవాతి మాట రాలేదు. జేబులోని కొత్త మందు బిళ్ళ తీసి మింగాను, అది పనిచెయ్యడానికి టైం పడుతుంది గదా. ఈల నోట్లో పెట్టుకున్నాను. ఈలకి సరిపడా గాలి కూడా లేదు. అరవైమందీ బిగుసుకుని నా వంకే చూస్తున్నారు. నా రొమ్ములో పిల్లికూతలు చివరి వరసకి వినబడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. అమ్మ గుర్తొచ్చింది. చచ్చేంత భయమేసింది అక్కా.

హెడ్మాస్టరు గారు వరండా మెట్లు దిగి రావడం చూశాను. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన, పిల్లల కేసి తిరిగి నిలబడ్డారు. ఎవరూ కదలొద్దన్నారు. తరవాత నా వైపు తిరిగారు. ఆయన చరిత్ర చెప్పే మనిషి, జన్మలో డ్రిల్లు ఆర్డరు ఇచ్చి ఎరగరు.

"మాస్టారూ, స్టాండ్ ఎట్ ఈజ్" అన్నారు.

పదకొండేళ్ళలో ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నాతో ఎవరూ అనలేదు. కాళ్ళు ఎడంగా పెట్టుకున్నాను. భుజాలు వదిలేశాను. ఆయన తన గదిలోంచి కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టారు. మా నాన్నగారికీ ఉండేదయ్యా, ముందుకి వంగి కూర్చో, మాట్లాడకు అన్నారు. ఉద్యోగం సంగతి నేను అడగలేదు. వెళ్ళబోతూ ఆయనే, చలికాలం డ్రిల్లు ఎండెక్కాక మూడో పీరియడులో పెట్టుకో, టైంటేబుల్ మారుస్తాను అని చెప్పి వెళ్ళిపోయారు.

పావుగంటకి ఊపిరి సర్దుకుంది. డిస్మిస్ అన్నాను. ఒక్కరూ కదల్లేదు. మళ్ళీ అన్నాను. కదల్లేదు. ముందు వరసలో సయీదా అనే పిల్ల, ఇంకొక్కసారి గట్టిగా చెప్పండి మాస్టారూ అంది. రొమ్ము నిండా గాలి పీల్చుకుని, రైలుస్టేషనుకి వినబడేలా అరిచాను. అప్పుడు వెళ్ళారు.

నీ తమ్ముడు,
మరియదాసు